ఏ రోడ్డున పంపమంటావు తంబీ?

మన క్లబ్ డిబేట్‌లో ఏ పక్షాన మాట్లాడాలో మనం ఎంచుకోలేం. చీటీ తీయాల్సిందే. పోయిన సెమ్‌లో ఇచ్చిన అంశం ఇది: "ఒక దేశంలో అంతర్యుద్ధం జరుగుతుంటే బయటి దేశాలు జోక్యం చేసుకోవాలా?" నా చీటీలో "చేసుకోవాలి" అని వచ్చింది. లోలోపల సంతోషపడ్డాను. అవతలి పక్షం వాళ్లు "మనకెందుకు" అన్న ఒక్క మాటనే పది రకాలుగా చెప్పుకోవాలి. మనకైతే రువాండా ఉంది.

1994 ఏప్రిల్‌లో రువాండాలో టుట్సీల ఊచకోత మొదలైంది. దాదాపు వంద రోజుల్లో 8 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. విషాదం ఏమిటంటే అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి శాంతి దళం ఉంది, సుమారు రెండున్నర వేల మందితో. తమ సైనికులు పది మంది హత్యకు గురవగానే బెల్జియం మిగిలినవాళ్లను వెనక్కి పిలిపించుకుంది. ఏప్రిల్ 21న భద్రతా మండలి ఆ దళాన్ని 270 మందికి తగ్గించమని తీర్మానం చేసింది. ఊరు తగలబడుతుంటే ఫైరింజన్‌ను వెనక్కి తిప్పినట్టు. దీనికి తోడు మన 1971 ఎలాగూ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

"మరి శ్రీలంక సంగతేంటి?" అన్నాడు మా రూమ్మేట్. డిబేట్‌లో నా జోడీ వాడే. సీడీఎస్‌కి చదువుతున్నాడు కాబట్టి మిలిటరీ విషయాలు వాడికి నాకంటే బాగా తెలుసు. "అవతలివాళ్లు ఐపీకేఎఫ్ తీస్తే మన దగ్గర జవాబు లేదు."

ఐపీకేఎఫ్ అంటే భారత శాంతి పరిరక్షక దళం. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఉన్న మన సైన్యం. ఆ పేరు నాకు పుస్తకాల్లో కంటే ముందు ఇంట్లోనే తెలుసు. మా పెద్దనాయన అందులో పనిచేశాడు.

మాది చిత్తూరు దగ్గర పల్లె. పెద్దనాయన ఆర్మీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "సిలోన్లో ఉన్నప్పుడు" అంటూ ఆయన చెప్పే కథలు మూడే మూడు. ఒకటి ఓడలో వాంతులు. రెండోది జాఫ్నా తాటిబెల్లం రుచి. మూడోది, ఆ ఊరి ఎర్రమట్టి బట్టలకు పట్టుకుంటే ఎన్ని ఉతుకులు ఉతికినా వదలకపోవడం. నాలుగో కథ ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు అడిగాను. ప్రేమతో అడిగానని చెప్పను. డిబేట్‌కి ఒక పాయింట్ దొరుకుతుందని అడిగాను.

ఆయన చెప్పింది చెప్పే ముందు, మనవాళ్లు అక్కడికి ఎలా వెళ్లారో కొంచెం చెప్పాలి. ఎందుకంటే నేను కూడా అప్పటిదాకా కథ 1987లోనే మొదలైందనుకున్నాను.

కథ నిజానికి అంతకు ముందే ఉంది. శ్రీలంకలో సింహళాన్ని ఏకైక అధికార భాష చేస్తూ 1956లో చట్టం వచ్చింది. అప్పటినుంచి తమిళుల అసంతృప్తి పెరుగుతూ వచ్చింది. 1983 జులైలో జాఫ్నాలో ఎల్టీటీఈ దాడిలో 13 మంది సైనికులు చనిపోయారు. దానికి ప్రతీకారంగా కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. వందల మందిని చంపారు. వేలాది మంది పడవలెక్కి తమిళనాడు తీరానికి వచ్చారు. అప్పుడు మన ప్రభుత్వం రెండు పనులు చేసింది. ఒక చేత్తో రాజీ మాటలు నడిపింది. ఇంకో చేత్తో తమిళ సాయుధ సంస్థల కుర్రాళ్లకు రహస్యంగా శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. అలా లాభపడిన వాటిలో ఎల్టీటీఈ కూడా ఒకటి. ఆ సంస్థలకు ఒకదానితో ఒకదానికి పడేది కాదు. 1986లో ఎల్టీటీఈ తనలాంటి ఇంకో సంస్థ టెలోను దాదాపు తుడిచిపెట్టేసింది.

1987 నాటికి శ్రీలంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పాన్ని పట్టుకోవడానికి బయలుదేరింది. జూన్ 4న మన వైమానిక దళం రవాణా విమానాల్లో ఆహారం, మందులు తీసుకెళ్లి జాఫ్నా మీద జారవిడిచింది. వాటికి కాపలాగా మిరాజ్ యుద్ధ విమానాలు వెళ్లాయి. అది సాయమూ అవును, హెచ్చరికా అవును. జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, ఉత్తర, తూర్పు ప్రాంతాలను కలిపి ఒక ప్రావిన్స్‌గా చేసి అధికారాలు ఇవ్వాలి, ఇది జరిగేలా భారత్ చూసుకోవాలి. మర్నాడు కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ గాంధీ మీద ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో దెబ్బ వేశాడు. అదే రోజు మన సైన్యం పలాలి విమానాశ్రయంలో దిగడం మొదలైంది. ముందుగా వెళ్లింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. అంటే ఆ యుద్ధానికి దారి మన ఊళ్ల మీదుగానే పోయింది.

ఒప్పందం మీద సంతకాలు రెండే ఉన్నాయి. పోట్లాడుకుంటున్న వాళ్లలో ఒక పక్షం సంతకం అసలు లేదు. వాళ్ల తరఫున మనమే పూచీ పడ్డాం. ఇది చదివినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. పెద్దనాయన మాటలు విన్నాకే దాని బరువు తెలిసింది.

"మొదట మేం దిగినప్పుడు దండలేసినార్రా," అన్నాడు. సాయంత్రం పూట, పశువుల కొట్టం ముందర కూర్చుని ఉన్నాం. "రోడ్డు పక్కన ఆడోళ్లు చెంబుల్తో నీళ్లు పట్టుకోని నిలబడేవాళ్లు. లారీ ఆపి తాగేవాళ్లం. పిల్లకాయలు బండెక్కుతామని గోల. నాకైతే మన ఊరి తిరనాళ్లకు వచ్చినట్టుండె."

మా నాయనమ్మది తమిళనాడులోని గుడియాత్తం. కాబట్టి పెద్దనాయనకు తమిళం ఇంటి భాషే. "వాళ్ల తమిళం వేరే. మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. అయినా మా వాళ్లలో ఆ మాత్రం తెలిసినోళ్లు ఎంతమందని? పంజాబోళ్లు, గూర్ఖాలు, మరాఠీలు. దాంతో నేను డ్రైవరునైనా, ఎక్కడ మాట కావాలన్నా నన్ను పిలిచేవాళ్లు."

ఆగస్టు, సెప్టెంబరు అలా గడిచాయి. సెప్టెంబరులో ఎల్టీటీఈ నాయకుడు తిలీపన్ జాఫ్నాలో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. నీళ్లు కూడా ముట్టలేదు. 26న చనిపోయాడు. ఆ దీక్ష మన దేశానికి వ్యతిరేకంగా. జనం మనసు అప్పుడే తిరగడం మొదలైంది. అక్టోబరు మొదట్లో శ్రీలంక నౌకాదళం పట్టుకున్న ఎల్టీటీఈ వాళ్లను కొలంబోకు తరలించబోతే వాళ్లు సైనైడ్ మింగారు. 12 మంది చనిపోయారు. ఆ తర్వాత ఒప్పందం గాలికి పోయింది. అక్టోబరు రెండో వారానికల్లా, కాపాడడానికి వెళ్లిన సైన్యం, నిన్నటిదాకా తన దేశమే శిక్షణ ఇచ్చిన వాళ్లతో యుద్ధంలో ఉంది.

మొదటి దెబ్బల్లో ఒకటి ఒక కాలేజీ ఆవరణలోనే తగిలింది. జాఫ్నా యూనివర్సిటీలో ఎల్టీటీఈ నాయకులు ఉన్నారని అక్టోబరు 11 రాత్రి హెలికాప్టర్లలో మనవాళ్లను దించారు. అవతలివాళ్లు ముందే కాచుకుని ఉన్నారు. సిక్కు పటాలానికి చెందిన 30 మంది దిగితే 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు. పది రోజుల తర్వాత, అదే జాఫ్నాలో ఆస్పత్రిలోకి మన సైన్యం వెళ్లినప్పుడు రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాయడం నాకు కష్టంగా ఉంది. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే మాత్రం అబద్ధం అవుతుంది.

"అక్టోబరు తర్వాత?" అని అడిగాను.

"తర్వాత ఏముంది. ఆ ఇండ్లే, ఆ ఆడోళ్లే. తలుపులు మూసుకున్యారు. మేం ఎవరికోసం పోయినామో వాళ్లే మమ్మల్ని చూసి దడి వెనక్కి పోతాండ్రి."

ఆ తర్వాత చెప్పాడు నాలుగో కథ.

ఒక రోజు రోడ్డు కాపలా దగ్గర ఆయన్ని తమిళం కోసం నిలబెట్టారట. ఒకామె వచ్చింది, యాభై ఏళ్లుంటాయి. పక్కన సైకిలు పట్టుకుని కొడుకు, ఇంటర్ వయసు పిల్లాడు. ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. మామూలుగా, పక్కింటివాళ్లను అడిగినట్టు అడిగిందట. "తంబీ, వీణ్ని మా అన్న ఇంటికి పంపించాలి. పెద్ద రోడ్డున పంపితే మీవాళ్లు పులి అనుకుంటారు. తోటల దారిన పంపితే పులులు పట్టుకుని చేర్చుకుంటారు. వీడు రెండూ కాదు. ఏ రోడ్డున పంపమంటావు?"

"పక్కన ఆఫీసరు 'క్యా బోల్ రహీ హై' అన్న్యాడు. నేను ఏం చెప్పేది? రోడ్డు అడగతాంది సార్ అన్న్యాను. ఆయన మంచోడే. పెద్ద రోడ్డు తెరిచే ఉందని చెప్పు అన్న్యాడు. నేను ఆయమ్మకు అదే చెప్పినాను. ఆయమ్మ నన్నే చూసింది. ఆఫీసర్ని కాదు, నన్ను. తమిళం తెలిసినోడివి కదా, నీకు అర్థమయింది కదా అన్నట్టు. తర్వాత పిల్లోణ్ని తీసుకోని పోయింది."

"ఏ రోడ్డున పోయారు?"

"బండి తీయమన్న్యారు. చూడలా."

ముప్పై ఎనిమిదేళ్లు దాటింది. ఆయన బాధ ఆమె ప్రశ్నకు జవాబు లేనందుకు కాదు. ఆ ప్రశ్నను పూర్తిగా ఆఫీసరుకు చేర్చనందుకు. "చేర్చినా ఆయన మాత్రం ఏం చెప్తాడులే," అని తనే అన్నాడు. "అయినా చెప్పాల్సింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డిబేట్ పాయింట్ కోసం వెళ్లినవాణ్ని, నా పక్షమే కూలిపోతుందేమోనని భయం వేసింది. మన దళం సంఖ్య ఒక దశలో 70 వేలు దాటింది. 1,100 మందికి పైగా సైనికులు చనిపోయారు. చివరికి కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మమ్మల్ని వదిలి వెళ్లమన్నాడు. అంతేకాదు, మనవాళ్లతో పోరాడడానికి ఆయన ప్రభుత్వమే ఎల్టీటీఈకి ఆయుధాలిచ్చింది. 1990 మార్చి 24న ఆఖరి దళం ఓడెక్కింది. మద్రాసు రేవులో స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీని ఎల్టీటీఈ చంపింది. సింహళులకూ శత్రువయ్యాం, తమిళులకూ శత్రువయ్యాం. అయితే వెళ్లకూడదనేదే సరైన జవాబా?

అలా తేల్చేద్దామంటే 2009 అడ్డం వస్తుంది. ఆ ఏడాది మే నెలలో ఆ యుద్ధం ముగిసింది. ఈసారి ఏ దేశమూ మధ్యలోకి వెళ్లలేదు. అంతకు ముందు సెప్టెంబరులోనే ఐక్యరాజ్యసమితి సిబ్బంది కిలినొచ్చి వదిలి వచ్చేశారు. ఎల్టీటీఈ లక్షల మంది జనాన్ని పోనివ్వకుండా తన వెంట ఉంచుకుంది. ప్రభుత్వ సైన్యం ఆ జనం ఉన్న చోటే ఫిరంగులు పేల్చింది. ఆఖరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐరాస నియమించిన నిపుణుల బృందం చెప్పింది. తాము విఫలమయ్యామని ఐరాస సొంత సమీక్షే 2012లో ఒప్పుకుంది. అంటే 1987లో వెళ్లి ఒక తప్పు చేశాం, 2009లో ప్రపంచమంతా దూరంగా ఉండి ఇంకో తప్పు చేసింది. చేతులు కట్టుకున్నవాడి చేతులు శుభ్రంగా ఉంటాయని గ్యారంటీ లేదు.

మర్నాడు పొద్దున పెద్దనాయన్నే అడిగాను. "మరి మనం పోకుండా ఉండాల్సిందా?"

ఆయన చానాసేపు పాలు పిండుతూనే ఉన్నాడు. "మా సుబేదారు ఒకాయన డెబ్బై ఒకటిలో బంగ్లాదేశ్ పోయొచ్చినాడు. ఆయన ఎప్పుడు చెప్పినా ఒకే మాట. పోయినాం, గెలిచినాం, ఇచ్చేసినాం, వచ్చేసినాం. మాకు ఎవురికి ఇచ్చేసి రావాలో తెలీలేదు."

నాకు కావలసిన పాయింట్ దొరికింది. కాకపోతే నేను వెతికింది ఇది కాదు.

1971తో పోల్చి చూడండి. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. 1970 ఎన్నికల్లో అక్కడి జనం అవామీ లీగ్‌కు, ఆ ప్రాంతంలోని జాతీయ అసెంబ్లీ సీట్లలో రెండు తప్ప అన్నీ ఇచ్చారు. అంటే వాళ్ల తరఫున మాట్లాడేది ఎవరో వాళ్లే ఓటేసి చెప్పారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది. 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. అక్కడ కూడా మన స్వార్థం లేదని కాదు. ముక్తి బాహినికి మనం ఆయుధాలు ఇవ్వలేదనీ కాదు. కానీ చంపుతున్న చేతిని ఆపి, దేశాన్ని దాని మనుషులకు అప్పగించి రావడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. 1987లో మనం చేసింది వేరు. రెండు పక్షాల మధ్య కుదరని రాజీకి ఒక పక్షం తరఫున మనమే సంతకం పెట్టి, దాన్ని తుపాకీతో అమలు చేయబోయాం.

2011లో లిబియాలో జరిగిందీ ఇంచుమించు ఇదే. పౌరులను కాపాడడానికని భద్రతా మండలి 1973వ నంబరు తీర్మానం చేసింది. ఆ ఓటింగ్‌లో భారత్ ఎటూ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది. బెన్‌ఘాజీ మీదికి వస్తున్న గడాఫీ సైన్యాన్ని ఆపడంతో నాటో దాడులు ఆగలేదు, ప్రభుత్వం కూలేదాకా సాగాయి. దేశాన్ని ఎవరి చేతిలో పెట్టాలో ఎవరికీ తెలియలేదు. 2014లో అక్కడ రెండో అంతర్యుద్ధం మొదలైంది.

డిబేట్ రోజు నా పక్షం మార్చుకోలేదు, మార్చుకోవడానికి వీల్లేదు కూడా. "చేసుకోవాలి" అనే మాట్లాడాను. కానీ మూడు షరతులు పెట్టాను. ఒకటి, వెళ్లేది చంపుతున్న చేతిని ఆపడానికే కావాలి, వాళ్ల బదులు రాజీ రాయడానికి కాదు. రెండు, అంతకు ముందు మనం ఆ మంటలో ఎంత పెట్రోలు పోశామో ఒప్పుకోవాలి. ఆయుధాలిచ్చిన రోజునే జోక్యం మొదలైంది, సైన్యం దిగిన రోజున కాదు. మూడు, తిరిగి వచ్చే రోజున తాళంచెవి ఎవరికి ఇస్తామో వెళ్లే రోజునే తెలిసి ఉండాలి. రువాండాలో ఈ మూడూ సరిపోయేవని ఇప్పటికీ నమ్ముతున్నాను. దళం అక్కడే ఉంది, పని స్పష్టంగా ఉంది, అయినా తగ్గించారు.

అవతలి జట్టులో ఒకమ్మాయి లేచి అడిగింది. "ఈ షరతులన్నీ కుదిరే యుద్ధం ఎక్కడైనా ఉంటుందా? కుదరకపోతే అక్కడి జనం చావాల్సిందేనా?" నా దగ్గర సరైన జవాబు లేదు. కుదరనప్పుడు కూడా శరణార్థులకు తలుపు తెరవొచ్చు, మందులు పంపొచ్చు, ఆయుధాలు అమ్మడం ఆపొచ్చు అన్నాను. అది నిజమే కానీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. బెల్లు మోగింది. వాళ్లే గెలిచారు. గెలవాల్సిందే.

రాత్రి మా రూమ్మేట్ అడిగాడు. "మీ పెద్దనాయన సంగతి స్టేజి మీద చెప్పుంటే గెలిచేవాళ్లం కదరా?" చెప్పాలనిపించలేదు. అది ఆయన ముప్పై ఎనిమిదేళ్లు మోసింది, నేను మూడు నిమిషాల్లో వాడేసుకునేది కాదు. వాడు కాసేపు ఊరుకుని, "రేపు నన్ను పంపిస్తే ఇవన్నీ అడిగే హక్కు నాకుండదు," అన్నాడు. సీడీఎస్ మాత్రం మానడు. మానమని నేనూ అనలేదు. మా సైన్యం ఎక్కడికి, ఎందుకు, ఎప్పటిదాకా అని అడగాల్సింది యూనిఫాం వేసుకున్న వాడు కాదు, ఓటేసే మనం. వాడి తరఫున ఆ ప్రశ్నలు అడిగే పని నాది, మీది.

ఈ వ్యాసం రాసే ముందు పెద్దనాయనకు ఫోన్ చేసి, ఆ తల్లి సంగతి రాయనా అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. దూరంగా దూడ అరుపు వినిపించింది.

"ఆయమ్మ అడిగింది అడిగినట్టు రాస్తావా? నామాదిరి తగ్గించి చెప్పవు కదా?"

"అడిగింది అడిగినట్టే రాస్తాను."

"అయితే రాయి. ఆఫీసరుకి ఎట్లా చేరలా. ఎవురికో ఒకరికి చేరనీ."